బేసల్ గాంగ్లియా అసలు ఏం చేస్తుంది? ప్లస్ మైనస్ బాణాల బొమ్మ వెనక ఉన్న సంగతి

మీరు మూడు విషయాలు అడిగారు. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఉన్నారు, మెదడు లోతున ఉండే కణాల ముద్దలైన బేసల్ గాంగ్లియా గురించి పుస్తకంలో ఉండే ప్లస్ మైనస్ గుర్తుల బొమ్మను ఎన్నిసార్లు బట్టీ పట్టినా వారానికల్లా మర్చిపోతున్నారు, అది అసలు ఏం చేస్తుందో తేలడం లేదు. ఇది మొదటిది. ఒకే నిర్మాణం చెడితే ఒకరు బిగుసుకుపోవడం, ఇంకొకరు ఆగకుండా కదులుతూనే ఉండడం ఎలా సాధ్యం అన్నది రెండోది. మూడోది మీ ఇంటి విషయం. పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించి, ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) ఉన్న మీ తాతగారు గడప దగ్గరకు రాగానే అడుగు పడక ఆగిపోతారు, మెట్లు మాత్రం చక్కగా ఎక్కేస్తారు. ఇది జబ్బా, భయమా అని ఇంట్లో వాదన జరుగుతోంది.

నేను న్యూరాలజిస్టుని. ఎక్కువ సమయం కదలికల జబ్బులున్నవాళ్లనే చూస్తాను, విద్యార్థులకు ఈ పాఠమూ చెబుతాను. మీ మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే కాబట్టి ముందు దాన్నే చెబుతాను.

బేసల్ గాంగ్లియా కదలికను పుట్టించదు. కదలిక ఆజ్ఞ మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో తయారవుతుంది, వెన్నుపాము గుండా కండరాలకు చేరుతుంది. ఆ దారిలో బేసల్ గాంగ్లియా ఎక్కడా లేదు. దాని నుంచి వెన్నుపాముకు నేరుగా వెళ్లే తీగ ఒక్కటి కూడా లేదు. మరి అది చేసేదేమిటి? కార్టెక్స్‌కు సందేశాలు అందించే థలామస్‌నూ, మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్‌లోని కొన్ని కేంద్రాలనూ ఎప్పుడూ అణచి ఉంచుతుంది. అవసరమైన క్షణంలో, అవసరమైన కదలిక మేరకు మాత్రం ఆ అణచివేతను సడలిస్తుంది. చెరువు తూముకు తలుపు ఎప్పుడూ దించే ఉంటుంది. ఏ కాలువకు నీళ్లు కావాలో ఆ తలుపు ఎత్తుతారు. ఎత్తినవాళ్లు నీటిని తోయరు, నీరు తన బరువుతో తానే పారుతుంది. మామూలు స్థితి మూసి ఉండడం, పని అంటే తెరవడం. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే బొమ్మలోని బాణాలన్నీ మీరే గీయగలరు.

ఇది ఊహ కాదు, కోతులలో కొలిచి చూసిన విషయం. 1983లో హికోసాకా, వుర్ట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోతి చూపు ఒక చోటు నుంచి మరో చోటుకు దూకేటప్పుడు బేసల్ గాంగ్లియాలో ఒక భాగమైన సబ్‌స్టాన్షియా నైగ్రాలోని రెటిక్యులేటా అనే చోట న్యూరాన్లు ఏం చేస్తున్నాయో రికార్డు చేశారు. కోతి ఊరికే కూర్చున్నప్పుడు ఆ న్యూరాన్లు ఆగకుండా చాలా వేగంగా ఫైర్ అవుతున్నాయి, అంటే విద్యుత్ సంకేతాలు పంపుతున్నాయి. చూపు కదలడానికి సరిగ్గా ముందు వాటిలో చాలా భాగం చప్పున ఆగిపోయాయి. అవి ఆగగానే, అప్పటిదాకా వాటి కింద అణగి ఉన్న, చూపును కదిలించే సుపీరియర్ కాలిక్యులస్ న్యూరాన్లు ఫైర్ అయ్యాయి, కన్ను కదిలింది. రెండేళ్ల తర్వాత అదే చోట మసిమోల్ అనే మందుతో ఆ న్యూరాన్లను నోరు మూయించి చూశారు. కోతి చూపు నిలపలేకపోయింది. వద్దన్నా కళ్లు ఒక పక్కకు దూకుతూనే ఉన్నాయి. కదలిక కోసం కొత్తగా ఎవరూ ఏ ఉత్తేజమూ ఇవ్వలేదు, ఉన్న అదుపును తీసేశారు, అంతే. మీ రెండో ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడే ఉంది.

ఇప్పుడు అనాటమీ. పుస్తకంలో ఇది పేర్ల జాబితాలా వస్తుంది కాబట్టి విసుగు పుట్టిస్తుంది. ఒక ఎమ్మారై అడ్డకోత ముందు పెట్టుకుని చదవండి. మధ్యలో ఇరువైపులా గుడ్డు ఆకారంలో థలామస్ కనబడుతుంది. దానికి బయటి పక్కన తెల్లటి పట్టీ ఒకటి మధ్యలో వంగి ఉంటుంది, అది ఇంటర్నల్ కాప్సూల్. కార్టెక్స్ నుంచి వెన్నుపాముకు దిగే తీగలన్నీ దాంట్లోనే దిగుతాయి. ఆ పట్టీకి లోపలి వైపు, ముందు భాగంలో, వెంట్రికల్ (మెదడులో ద్రవం ఉండే గది) గోడను ఆనుకుని కాడేట్ తల ఉంటుంది. పట్టీకి బయట పుటామెన్. పుటామెన్‌కు లోపలి పక్కన, పట్టీకి ఆనుకుని గ్లోబస్ పాలిడస్, దాంట్లో బయటి భాగం, లోపలి భాగం అని రెండు.

కాడేట్, పుటామెన్ వేరువేరుగా కనబడినా రెండూ ఒకే కణజాలం. మధ్యలోంచి ఇంటర్నల్ కాప్సూల్ చీల్చుకుని వెళ్లడం వల్ల విడిపోయాయి, ముందు భాగంలో కింద అక్యుంబెన్స్ అనే చోట ఇంకా కలిసే ఉన్నాయి. ఈ మొత్తాన్ని స్ట్రయేటమ్ అంటాం. బేసల్ గాంగ్లియాకు ప్రధాన ప్రవేశ ద్వారం ఇదే. కార్టెక్స్‌లో దాదాపు ప్రతి ప్రాంతం నుంచీ ఇక్కడికి తీగలు వస్తాయి. మోటార్ ప్రాంతాలవి ఎక్కువగా పుటామెన్‌కు, ఆలోచనకు సంబంధించిన ముందు భాగాలవి కాడేట్‌కు, భావోద్వేగాలకు చెందినవి అక్యుంబెన్స్‌కు చేరతాయి. ఈ దారులు ఒకదానితో ఒకటి పెద్దగా కలవకుండా సమాంతరంగా సాగి, మళ్లీ కార్టెక్స్‌లోని తమ తమ చోటుకే తిరిగి వస్తాయని 1986లో అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ వివరించారు. పార్కిన్సన్స్‌లో కాళ్లూ చేతులతో పాటు మనసూ ఎందుకు మందగిస్తుందో ఇది చూస్తే అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం మోటార్ దారికే పరిమితమవుతాను.

మిగిలినవి రెండు. థలామస్ కింద సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే చిన్న ముద్ద సబ్‌థలామిక్ న్యూక్లియస్. దానికీ కింద, మిడ్‌బ్రెయిన్‌లో సబ్‌స్టాన్షియా నైగ్రా. ఇందులో కాంపాక్టా భాగం డోపమైన్ అనే సందేశ రసాయనాన్ని తయారు చేస్తుంది, న్యూరోమెలనిన్ అనే పదార్థం వల్ల కంటికే నల్లగా కనబడుతుంది. రెటిక్యులేటా భాగం పనిలో గ్లోబస్ పాలిడస్ లోపలి భాగానికి తోబుట్టువు. ఆ రెండూ కలిసి బేసల్ గాంగ్లియా నుంచి బయటికి వెళ్లే ద్వారం. పాలిడస్ లోపలి భాగం ఎక్కువగా కాళ్లూ చేతుల కదలికలకు, రెటిక్యులేటా ఎక్కువగా కళ్లకు, తలకు పని చేస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడే విషయం ఒకటుంది. మన దగ్గర బీపీ అదుపులో లేక మెదడులో రక్తస్రావమైన వాళ్లను క్యాజువాలిటీకి తెస్తే, సీటీలో ఎక్కువసార్లు రక్తం కనబడేది పుటామెన్ దగ్గరే. మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ నుంచి నిటారుగా పుట్టే లెంటిక్యులోస్ట్రయేట్ అనే సన్న ధమనులు అక్కడ పగులుతాయి. రిపోర్టులో ‘బేసల్ గాంగ్లియా బ్లీడ్’ అని ఉంటుంది, పేషెంటుకు ఒక పక్క పక్షవాతం ఉంటుంది. దాంతో బేసల్ గాంగ్లియా చెడితే పక్షవాతం వస్తుందని మనసులో నాటుకుపోతుంది. అది నిజం కాదు. బలహీనత రావడానికి కారణం పక్కనే ఉన్న ఇంటర్నల్ కాప్సూల్ నలిగిపోవడం. బేసల్ గాంగ్లియా మాత్రమే చెడితే బలం తగ్గదు. పార్కిన్సన్స్ పేషెంటు చేతిని పట్టుకుని ‘గట్టిగా నొక్కండి’ అనండి, మీ వేళ్లు నొప్పెడతాయి. అంత బలమున్న చేయి చొక్కా గుండీ పెట్టుకోవడానికి మాత్రం చాలాసేపు తంటాలు పడుతుంది. కండరంలో బలం ఉంది, తీగలో లోపం లేదు, విడుదల కావడం లేదు.

ఇప్పుడు బొమ్మ. బట్టీ పట్టకండి, ఇలా తయారు చేసుకోండి. ఈ వలయంలో ఉత్తేజపరిచేవి మూడే: కార్టెక్స్, థలామస్, సబ్‌థలామిక్ న్యూక్లియస్. మూడూ గ్లూటమేట్ అనే ఉత్తేజ రసాయనం వాడతాయి. స్ట్రయేటమ్, పాలిడస్ రెండు భాగాలు, నైగ్రా రెటిక్యులేటా నుంచి వెళ్లే తీగలన్నీ గాబా వాడతాయి, అంటే అణచివేస్తాయి. డోపమైన్‌ను కాసేపు పక్కన పెట్టండి. ఇక దారిలో ఎన్ని మైనస్‌లు వచ్చాయో లెక్కపెట్టడమే పని. సరి సంఖ్య వస్తే థలామస్ విడుదలవుతుంది, బేసి వస్తే ఇంకా అణగిపోతుంది.

డైరెక్ట్ దారి: స్ట్రయేటమ్ నుంచి పాలిడస్ లోపలి భాగానికి ఒక మైనస్, అక్కడి నుంచి థలామస్‌కు ఇంకో మైనస్. రెండు. థలామస్ విడుదల, కదలికకు అనుమతి. ఇండైరెక్ట్ దారి: స్ట్రయేటమ్ నుంచి పాలిడస్ బయటి భాగానికి మైనస్, అక్కడి నుంచి సబ్‌థలామిక్‌కు మైనస్, సబ్‌థలామిక్ నుంచి పాలిడస్ లోపలి భాగానికి ప్లస్, అక్కడి నుంచి థలామస్‌కు మైనస్. మూడు మైనస్‌లు, కాబట్టి అణచివేత పెరుగుతుంది. హైపర్‌డైరెక్ట్ అనే మూడో దారి స్ట్రయేటమ్‌ను తాకకుండానే కార్టెక్స్ నుంచి సూటిగా సబ్‌థలామిక్‌కు వస్తుంది. ఇందులో ఒక్కటే మైనస్, కాబట్టి ఇదీ అణచివేతే, పైగా మూడింటిలో అన్నిటికంటే వేగమైనది. రోడ్డు దాటడానికి కాలు ఎత్తిన క్షణాన పక్క నుంచి బైకు దూసుకొస్తే ఎత్తిన కాలు ఆగిపోతుంది చూడండి, అలాంటి ఆపడంలో ఈ దారికి పెద్ద పాత్ర ఉంది.

ఈ లెక్క అర్థం కావాలంటే ఒక విషయం మరవకూడదు. పాలిడస్ లోపలి భాగంలో న్యూరాన్లు ఏ పనీ లేనప్పుడు కూడా సెకనుకు 60 నుంచి 80 సార్లు ఫైర్ అవుతుంటాయి. స్ట్రయేటమ్‌లో 90 శాతానికి పైగా ఉండే మీడియమ్ స్పైనీ న్యూరాన్లు దానికి పూర్తి వ్యతిరేకం, విశ్రాంతిలో దాదాపు మౌనంగా ఉంటాయి. కార్టెక్స్‌లో చాలా కణాలు ఒకేసారి పిలిస్తేనే పలుకుతాయి. బయటికి వెళ్లే ద్వారం (పాలిడస్ లోపలి భాగం) ఎప్పుడూ గట్టిగా మూసి ఉండడం, ప్రవేశ ద్వారం (స్ట్రయేటమ్) ఊరికే స్పందించకపోవడం, ఈ రెండు గుణాల వల్లే ఎంపిక సాధ్యమవుతోంది. బొమ్మలో బాణాలుంటాయి గానీ ఈ ఫైరింగ్ వేగాలు రాయరు. అందుకే మైనస్‌ను మైనస్ చేస్తే ప్లస్ ఎలా అవుతుందో చాలామందికి ఒంటబట్టదు. అణచేవాడు ముందే పనిలో ఉంటేనే కదా, వాడిని ఆపితే ఫలితం కనిపించేది!

ఇక డోపమైన్. స్ట్రయేటమ్‌లో డైరెక్ట్ దారి కణాల మీద డీ1 రిసెప్టర్లు (డోపమైన్ సందేశాన్ని అందుకునే చోట్లు), ఇండైరెక్ట్ దారి కణాల మీద డీ2 రిసెప్టర్లు ఎక్కువ. డోపమైన్ డీ1 ద్వారా మొదటి రకాన్ని హుషారు చేస్తుంది, డీ2 ద్వారా రెండో రకాన్ని తగ్గిస్తుంది. అనుమతిని పెంచడం, నిషేధాన్ని తగ్గించడం: రెండు వైపుల నుంచీ కదలికకు సాయమే. డోపమైన్ పోతే రెండూ తలకిందులవుతాయి. పాలిడస్ లోపలి భాగం, సబ్‌థలామిక్ రెండూ అతిగా పని చేస్తాయి, థలామస్ ఇంకా అణగిపోతుంది. పార్కిన్సన్స్‌లో కదలిక తగ్గడానికి పుస్తకాల్లో చెప్పే వివరణ ఇదే.

ఈ డోపమైన్ కథకు మన నేలతో నిజమైన సంబంధం ఉంది, పాఠ్యపుస్తకాల్లో అది రాకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆయుర్వేదంలో వాడే సర్పగంధి వేరు నుంచి తీసిన రెసర్పిన్ 1950లలో బీపీకి, మానసిక రోగాలకు ప్రపంచమంతా వాడారు. దాన్ని వాడిన కొందరిలో అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు కనిపించాయి. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇచ్చారు, అవి కదలకుండా పడిపోయాయి. శరీరంలో డోపమైన్‌గా మారే డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. డోపమైన్ స్వయంగా ఒక సందేశవాహకం అనీ, మెదడులో అది ఎక్కువగా స్ట్రయేటమ్‌లోనే ఉందనీ ఆ వరుస పరిశోధనలు తేల్చాయి. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల స్ట్రయేటమ్‌లో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించారు. 1967లో కోట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదులో డోపా ఇచ్చి మంచాన పడినవాళ్లను నడిపించారు. ఇంకో సంగతి, మన పొలం గట్ల మీద తీగలా పాకే దూలగొండి విత్తనాల్లో లీవోడోపా (ఇప్పుడు మందుగా వాడే డోపా రూపం) ఉందని దామోదరన్, రామస్వామి అనే మనదేశ శాస్త్రవేత్తలు 1937లోనే వేరు చేసి చూపించారు. దాన్ని ఏం చేసుకోవాలో లోకానికి తెలియడానికి ఇంకా 30 ఏళ్లు పట్టింది. ఇది చదివి ఎవరూ ఇంట్లో దూలగొండి పొడి మొదలుపెట్టొద్దు. ఒక్కో విత్తనంలో మోతాదు ఒక్కోలా ఉంటుంది, ఇప్పటికే మాత్రలు వాడేవారిలో అది కలిసి బీపీ పడిపోవడం, భ్రమలు రావడం జరగవచ్చు.

మీ తాతగారి దగ్గరికి వస్తాను. ఇది భయం కాదు, జబ్బే. భయం దాన్ని పెంచగలదు, అది వేరే విషయం.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ స్ట్రయేటమ్ అంతటా ఒకేలా తగ్గదు. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా తగ్గేది పుటామెన్ వెనుక భాగంలో. ఆ భాగం దేనికి? బాగా అలవాటై, ధ్యాస లేకుండానే సాగిపోయే కదలికలకు. నడుస్తుంటే చేతులు ఊగడం, కనురెప్ప వేయడం, మాట్లాడేటప్పుడు ముఖంలో భావం మారడం, రాస్తున్నప్పుడు అక్షరం సైజు నిలవడం, ఇవేవీ మనం ఆలోచించి చేసేవి కావు. పార్కిన్సన్స్‌లో మొదట పోయేవీ ఇవే. నేర్చుకున్న కదలికల వరుసను తనంత తానుగా నడిపించడమే బేసల్ గాంగ్లియా మోటార్ పని అని 1982లో లండన్ న్యూరాలజిస్ట్ డేవిడ్ మార్స్‌డెన్ ప్రతిపాదించారు. రోజూ పేషెంట్లను చూసేవాడిగా ఆ మాట నాకు ఇప్పటికీ సరైనదిగానే తోస్తుంది.

మామూలు నేల మీద నడక అలాంటి అలవాటు పనే. లోపలి నుంచే ‘ఇక అడుగెయ్’ అన్న పిలుపు రావాలి. ఆ పిలుపు పుటామెన్, కార్టెక్స్‌లోని సప్లిమెంటరీ మోటార్ ఏరియా కలిసి ఇస్తాయి. మీ తాతగారిలో ఆ జతే దెబ్బతింది. మెట్ల దగ్గర పరిస్థితి మారుతుంది. ప్రతి మెట్టు అంచూ కంటికి కనబడి ‘ఇక్కడ కాలు పెట్టు’ అని బయటి నుంచి చెబుతుంది. కంటితో చూసి చేసే కదలికలకు కార్టెక్స్‌లోని పరైటల్, ప్రీమోటార్ ప్రాంతాలు, సెరిబెల్లమ్ (చిన్నమెదడు) ఉండే ఇంకో దారి ఉంది, అది ఆయనలో చాలావరకు బాగానే ఉంది. గడప దగ్గర, ఇరుకు సందులో, వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం అడుగు పొడవు మార్చాలి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చాలి, ఇవన్నీ ఒకేసారి లోపలి దారే చూసుకోవాలి. అక్కడ అది చేతులెత్తేస్తుంది. దీనికి తోడు పాలిడస్, నైగ్రా రెటిక్యులేటా బ్రెయిన్‌స్టెమ్‌లోని పెడంక్యులోపాంటైన్ ప్రాంతాన్ని కూడా అణచి ఉంచుతాయి. అది నడకను, నిలబడే భంగిమను చూసే చోటు. అతి అణచివేత అక్కడికీ చేరుతుంది కాబట్టే కొందరిలో చేతులు మాత్రలకు బాగా లొంగినా కాళ్లు లొంగవు.

దీన్నుంచి ఇంట్లో చేయగలిగింది ఉంది. ఆయన ఆగిపోయే చోట, గడపకు ఇవతల, అవతల నేల మీద అడుగు దూరానికొకటి చొప్పున రంగు టేపు అడ్డంగా అంటించండి. టేపును దాటమని చెప్పండి. ‘నడువు తాతా, నడువు’ అని వెనక నుంచి తొందరపెట్టడం, చెయ్యి పట్టి లాగడం మానేయాలి, లాగితే పైభాగం ముందుకు వచ్చి కాళ్లు అక్కడే ఉంటాయి, పడిపోతారు. ఒకటి, రెండు అని లెక్క పెట్టడం, అక్కడే నిలబడి బరువును పక్కలకు మార్చుకుని ఆ తర్వాత పెద్ద అడుగు వేయడం చాలామందికి పనిచేస్తాయి. చేతిలో కాఫీ గ్లాసుతో, ఫోన్ మాట్లాడుతూ నడవనివ్వకండి. ధ్యాసతో నడిచే దారి మీదే ఆయన ఇప్పుడు ఆధారపడుతున్నారు, దాన్ని ఇంకో పనికి మళ్లిస్తే నడక ఆగిపోతుంది. మాత్ర వేసుకున్న ఎంతసేపటికి ఈ ఆగిపోవడం వస్తోందో నాలుగు రోజులు రాసి డాక్టరుకు చూపించండి. మందు పని అయిపోయే వేళలోనే వస్తుంటే మోతాదు సర్ది దాన్ని తగ్గించే వీలుంది.

ఇప్పుడు వ్యతిరేక దిశ. అణచివేత తగ్గిపోతే అక్కరలేని కదలికలు బయటికి వస్తాయి. దీనికి చక్కని ఉదాహరణ సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లో చిన్న స్ట్రోక్. పాలిడస్ లోపలి భాగానికి ప్లస్ ఇచ్చే మూలం పోయింది, అణచివేత సడలింది, ఎదురు పక్క చెయ్యి, కాలు విసిరేసినట్టు ఎగురుతుంటాయి. దీన్ని హెమిబాలిస్మస్ అంటారు. ఇలా ఒక పక్కే కదలికలతో వచ్చిన పెద్దవయసు వారిలో ముందు షుగర్ చూడండి. షుగర్ బాగా పెరిగిపోయినవాళ్లలో, అందులోనూ ఆసియా దేశాల పెద్దవయసు ఆడవాళ్లలో, ఇలాంటి కదలికలు రావడం బాగా తెలిసిన విషయం. ఎమ్మారైలో పుటామెన్ తెల్లగా మెరుస్తుంది. షుగర్ దించితే చాలామందిలో తగ్గిపోతుంది. దయ్యం పట్టిందని, గాలి సోకిందని తిప్పి చివర్లో తెచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

హంటింగ్టన్స్ జబ్బులో స్ట్రయేటమ్ కణాలే చచ్చిపోతాయి, మొదట ఇండైరెక్ట్ దారివి. నిషేధించే దారి ముందు పోయింది కాబట్టి మొదట్లో ఆగని కదలికలు. తర్వాత డైరెక్ట్ దారి కూడా పోతుంది, అదే మనిషి చివరికి బిగుసుకుపోతాడు. మీ రెండో ప్రశ్నకు మిగతా సగం సమాధానం ఇదే: బేసల్ గాంగ్లియా చెడింది అనడం చాలదు, ఏ దారి చెడిందో చెప్పాలి. పిల్లల్లో గొంతు నొప్పి, రుమాటిక్ జ్వరం తర్వాత వచ్చే సిడెన్హామ్ కొరియా (ఆగని అదుపులేని కదలికలు) కూడా ఈ కోవలోనిదే.

విల్సన్స్ జబ్బు గురించి మాత్రం ఒక మాట ఎక్కువ చెబుతాను. కిన్నియర్ విల్సన్ 1912లో దీన్ని వర్ణించారు. రాగి బయటికి పోక కాలేయంలో, పుటామెన్‌లో పేరుకుంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడినవైతేనే వస్తుంది, అందుకే మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకునే మన కుటుంబాల్లో దీన్ని ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి. చదువులో బాగా ఉన్న పిల్లవాడి అక్షరాలు పాడై, మాట ముద్దగా వస్తూ, చేయి వణుకుతూ, ప్రవర్తన మారితే రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ పరీక్ష, కంటి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి. త్వరగా పట్టుకుంటే మందులతో నిలబెట్టగల జబ్బు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా పరీక్ష చేయించాలి.

ఇంతవరకు చెప్పిన నమూనా 1980ల చివర్లో ఆల్బిన్, యంగ్, పెనీ ఒక వైపు, డిలాంగ్ ఇంకో వైపు రూపొందించినది. దాని గొప్పదనం ఏమిటంటే పరీక్షకు నిలబడే అంచనాలు ఇచ్చింది. 1982లో కాలిఫోర్నియాలో ఎంపీటీపీ అనే మలినం కలిసిన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు రోజుల్లోనే పార్కిన్సన్స్ ముదిరినవాళ్లలా బిగుసుకుపోయారు. ఆ పదార్థం నైగ్రా కణాలను చంపుతుందని లాంగ్‌స్టన్ బృందం కనిపెట్టింది. దాంతో కోతుల్లో పార్కిన్సన్స్ తెప్పించడం సాధ్యమైంది. సబ్‌థలామిక్ అతిగా పని చేయడమే సమస్య అయితే దాన్ని తీసేస్తే తగ్గాలి కదా? 1990లో బెర్గ్‌మన్, విచ్‌మన్, డిలాంగ్ సరిగ్గా అదే చేశారు, కోతులు మళ్లీ కదిలాయి. ఆ తర్వాత గ్రెనోబుల్‌లో బెనాబిడ్ బృందం మనుషుల్లో అదే చోట ఎలక్ట్రోడ్ పెట్టి కరెంటుతో ఉద్దీపన ఇచ్చింది. ఈరోజు హైదరాబాద్‌లో కూడా చేస్తున్న డీబీఎస్ (మెదడు లోతున కరెంటు ఉద్దీపన) ఆపరేషన్ అక్కడి నుంచి వచ్చిందే.

అయితే ఈ నమూనాను దాటి చూడకపోతే మీరు పాతికేళ్ల వెనక ఉండిపోతారు. ఇది చెప్పినట్టయితే పాలిడస్ లోపలి భాగాన్ని కాల్చేస్తే మనిషి ఆగకుండా కదలాలి. నిజంగా జరిగేది వేరు. అలా కాల్చే ఆపరేషన్, పాలిడాటమీ, చేస్తే బిగుతు తగ్గుతుంది, లీవోడోపా వల్ల వచ్చే అదనపు కదలికలు కూడా తగ్గుతాయి! 1952లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ కూపర్ ఇంకేదో ఆపరేషన్ చేస్తుంటే యాంటీరియర్ కొరాయిడల్ ధమని తెగింది, దాన్ని ముడివేసి ఆపరేషన్ ఆపేశారు. లేచాక పేషెంటు వణుకు, బిగుతు పోయాయి. ఆ ధమని రక్తం ఇచ్చే చోట్లలో పాలిడస్ లోపలి భాగం ఒకటి. బాణాల లెక్క దీన్ని వివరించలేదు. చెడు సందేశం పంపుతున్న చోటు కంటే అసలు సందేశమే లేని చోటు మేలు, అని చాలామంది ఇప్పుడు అనుకుంటున్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో సబ్‌థలామిక్, పాలిడస్ కణాలు వేగం మారడం కంటే, అన్నీ ఒకే తాళంలో సెకనుకు 13 నుంచి 30 సార్లు ఊగడం పెద్ద సమస్య. దీన్ని బీటా లయ అంటారు. లీవోడోపా ఇచ్చినా, డీబీఎస్ ఆన్ చేసినా ఈ లయ తగ్గుతుంది.

ఇంకోటి. డైరెక్ట్ అంటే ‘కదులు’, ఇండైరెక్ట్ అంటే ‘ఆగు’ అని విడదీసి చదువుతాం. కానీ 2013లో ఎలుకల్లో కొలిస్తే కదలిక మొదలయ్యేటప్పుడు రెండు దారులూ కలిసే చురుకుగా ఉన్నాయి. ఒక కదలికను విడిచేటప్పుడు దానికి పోటీ వచ్చే మిగతా కదలికలను అదే సమయంలో ఇంకా గట్టిగా అణచాలి, అందుకు రెండూ కావాలి. కోతుల్లో చేయి చాపేటప్పుడు పాలిడస్ లోపలి భాగంలో తగ్గే కణాల కంటే పెరిగే కణాలే ఎక్కువ ఉండడానికి మింక్ ఇచ్చిన వివరణ కూడా ఇదే. పరీక్షలో బొమ్మ గీసి, కింద ఈ రెండు వాక్యాలు రాయండి. అన్నట్టు, విశ్రాంతిలో వచ్చే వణుకును కూడా ఈ బొమ్మతో వివరించబోకండి. దాంట్లో సెరిబెల్లమ్ వలయానికీ భాగం ఉంది, లీవోడోపాకు అది ఒక్కో మనిషిలో ఒక్కోలా లొంగుతుంది.

చివరగా, మీరు అడగలేదు గానీ డాక్టరు కాబోయే మీరు ఇప్పటి నుంచే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. డీ2 రిసెప్టర్‌ను మూసేస్తే నైగ్రా బాగున్నా పార్కిన్సన్స్ లక్షణాలు వస్తాయి. మానసిక రోగాల మందులు అలా చేస్తాయని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, గ్యాస్ మాత్రలో కలిసి వచ్చే లీవోసల్పిరైడ్, వాంతుల మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి వాడే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, తలనొప్పికి వాడే ఫ్లూనరిజిన్ కూడా ఆ పనే చేయగలవు. పది రోజులకని రాసిన మాత్రను మెడికల్ షాపులో పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కునే పెద్దవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. నడక నెమ్మదించింది, చేయి వణుకుతోంది అని వస్తే, పార్కిన్సన్స్ అని పేరు పెట్టే ముందు వాళ్ల మాత్రల సంచి మొత్తం బల్ల మీద బోర్లించి చూడాలి. మీ తాతగారి సంచి కూడా ఈ వారం చూడండి, ఇప్పటికే పార్కిన్సన్స్ ఉన్నవారికి ఈ మందులు మరీ చేటు. వాంతులకైతే మెదడులోకి పెద్దగా వెళ్లని డోమ్‌పెరిడోన్ లాంటిది, గుండె ఈసీజీ చూసుకుని, డాక్టరు ఇస్తారు. కారణమైన మందు ఆపాక లక్షణాలు తగ్గడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, లోపల మొదలై ఉన్న పార్కిన్సన్స్‌ను ఆ మందు ముందుగా బయటపెట్టిందేమో చూడాలి. సొంతంగా ఏదీ ఒక్కసారిగా ఆపొద్దు, ముఖ్యంగా మానసిక రోగాల మందులు, రాసిన డాక్టరుతో మాట్లాడాకే.